జల్లెడలో మిగిలింది

ఆమెను పిన్నీ అని పిలవాల్సిన నోరు ఈ లోకంలో ఒక్కటే ఉండేది. ఆ నోరు నాలుగేళ్ళు బతికి, ఒక్క మాటా పలక్కుండానే వెళ్ళిపోయింది. అయినా అక్క ఊరుకోలేదు. "అదిగో పిన్ని వచ్చింది చూడవే, పిన్ని నీకేం తెచ్చిందో చూడవే" అని పిల్ల చెవిలో చెప్పీ చెప్పీ, పిల్ల పోయాక కూడా ఆ పిలుపు మానలేకపోయింది. ఆ నోటా ఈ నోటా పాకి బావకూ, తర్వాత ల్యాబులో వాళ్ళకూ అదే అలవాటైంది. పిన్ని అంటే ఏ ముసలావిడో అనుకునేరు, కాదు. నలభై ఇంకా నిండలేదు. మాట మిరపకాయే గానీ చేతి పనికి వంక పెట్టలేరు. మెదడు కణాల మీద పదిహేనేళ్ళుగా పనిచేస్తున్న ఆ చెయ్యే ఆ సోమవారం ఆమె కొంప ముంచింది.

అక్క ఆ రోజు ల్యాబు బయట, నడవాలో బెంచీ మీద కూర్చుని ఉంది. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేనని వచ్చేసింది. నాలుగో నెల దాటిన కడుపు. మొదటి కాన్పప్పుడు కడుపు మీంచి చెయ్యి తీసేది కాదు. ఇప్పుడు రెండు చేతులూ ఒళ్ళోని సంచి మీదే ఉన్నాయి, పొరపాటున కూడా కడుపును తాకడం లేదు.

"ఇదీ దానిలాగే పుడుతుందా? అవునో కాదో ఒక్క ముక్క చెప్పు" అంది పొద్దున రాగానే. "చెప్పలేకపోతే ఉంచుకోను. ఇంకోసారి ఆ నాలుగేళ్ళు మొయ్యడం నా వల్ల కాదు."

ఆసుపత్రి డాక్టరమ్మ గడువు పెట్టేసింది. శుక్రవారం దాటితే తాను చెయ్యి వెయ్యనంది. ఉమ్మనీరు తీసి దాచి ఉంచారు. కానీ అందులో ఏం వెతకాలో వాళ్ళకూ తెలియదు. "ఎక్కడ చూడాలో చెప్పండి, ఒక్క రోజులో చూసి పెడతాం" అన్నారు. అది చెప్పాల్సింది పిన్ని.

ఆ మొదటి పిల్ల మెడ నిలపలేదు. చప్పుడైతే అటు తిరగలేదు. తల్లి మొహం చూసి ఒక్కసారి నవ్విందో, పెదవులు ఊరికే వంకర పోయాయో ఇప్పటికీ తేలలేదు. బతికుండగా దాని జన్యువులన్నీ చదివించారు. అక్షరం అక్షరం వెతికారు. ఎక్కడా తప్పు లేదన్నారు. తప్పు లేకపోతే పిల్ల ఎందుకలా ఉందయ్యా అంటే, పెద్ద పెద్ద చదువులు చదివిన వాళ్ళంతా నేల చూపులు చూశారు. అప్పటినుంచీ పిన్నికి ఒకటే అనుమానం. దాన్ని అక్కకు వంటింట్లో కూర్చోబెట్టి చెప్పింది.

"మెదడు తయారయ్యేటప్పుడు మొదట్లో కణాలన్నీ వీధిలో ఆడుకునే పిల్లల్లాంటివే అక్కా. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, అదే ఆట. పొద్దుపోయాక ఎవరో ఒకరు గుమ్మంలోకొచ్చి 'ఆడింది చాలు, లోపలికి రండి' అని పిలవాలా వద్దా? పిలిస్తేనే ఆట మానేసి లోపలికొచ్చి, నరాల కణాలై కుదురుగా కూర్చుంటాయి. ఆ పిలిచేది చాలా చిన్న ముక్క. మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంటాం. ఇరవై చిల్లర అక్షరాలు, అంతే. అది తనంతట తాను ఏమీ తయారుచెయ్యదు. 'ఇంకా ఆడండి, ఇంకా ఆడండి' అని కణంలో గోల చేసే సందేశాలుంటాయే, వాటి నోళ్ళు మూయిస్తుంది. దాని పనల్లా అదే."

"మరి నా తల్లికి?"

"పిలిచేవాళ్ళు లేరేమోనని నా అనుమానం. చూస్తేగానీ తెలీదు."

చూడ్డానికి ఉన్నది ఒకే ఒక్క గొట్టం. పిల్ల బతికున్నప్పుడు చేతి మీంచి తీసిన చర్మపు ముక్క నుంచి, గాజు పళ్ళెంలో మెదడు కణాలను పెంచుకుంటూ వచ్చింది పిన్ని. మూడు నెలలు పసిబిడ్డను సాకినట్టు సాకింది. ఈ చిన్న ముక్కలు కణంలో మరీ కొద్దిగా ఉంటాయి కాబట్టి పళ్ళెంలో ఉన్న కణాలన్నీ ఊడ్చి ఒకే గొట్టంలోకి తీసింది. మళ్ళీ పెంచడానికి ఆ చర్మమూ మిగల్లేదు, మిగిలినా మళ్ళీ మూడు నెలలు. అక్కకున్నది శుక్రవారం దాకా.

ఇక జరిగింది వినండి. మామూలు రోజుల్లో ఆ ల్యాబులో అందరికీ కావలసింది పెద్ద ఆర్‌ఎన్‌ఏలు, అంటే కణంలో తిరిగే పొడుగాటి సందేశాలు. కణాలను ఒక ఘాటైన మందులో కరిగించి, ఆ నీళ్ళను అడుగున జల్లెడ ఉన్న చిన్న గొట్టంలో పోసి గిర్రున తిప్పుతారు. పెద్దవి జల్లెడకు అతుక్కుంటాయి. నీళ్ళు కిందికి దిగిపోతాయి. దిగిన నీళ్ళను చెత్త సీసాలో పారబోసి, పైది దాచుకుంటారు. కానీ మైక్రో ఆర్‌ఎన్‌ఏలు బుల్లివి, జల్లెడకు చిక్కకుండా నీళ్ళతోపాటే దిగిపోతాయి. కాబట్టి ఆ రోజు పని పిండి జల్లించడం లాంటిది. కిందికి దిగిందే పిండి, పైన మిగిలింది పొట్టు. దిగిన నీళ్ళకు కాస్త ఆల్కహాలు కలిపి రెండో జల్లెడలో పట్టాలి. ఇది పిన్నికి తెలియదా అంటే, కొత్తగా చేరిన వాళ్ళకు నేర్పేదే ఆమె.

మొదటి జల్లెడ తిరగడం ఆగింది. మూత తీస్తుంటే గాజు తలుపులోంచి అక్క కనబడింది, తల గోడకు ఆనించి, కళ్ళు మూసుకుని. పొద్దున్నుంచి ఏమైనా తిన్నదా? తిననే లేదు, ఈమెకు ఎన్నిసార్లు చెప్పినా అంతే, బావ అయినా పట్టించుకోవద్దూ! మనసు నడవాలోనే ఉండిపోయింది. చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోయింది. గొట్టం తీసింది. కింది నీళ్ళు చెత్త సీసాలో ఒంపేసింది. జల్లెడను కడిగింది, తిప్పింది, అతుక్కున్న పెద్ద ఆర్‌ఎన్‌ఏను శుభ్రంగా దించి, గొట్టం మూత మీద గుర్తు రాసి మంచులో గుచ్చింది. ఒక్క చుక్క తొణకలేదు. ఇన్నేళ్ళుగా రోజూ చేసే పని కదా, ఎందుకు తొణుకుతుంది?

తర్వాత రెండో జల్లెడ చేతిలోకి తీసుకుని, అందులో పోయాల్సిన నీళ్ళ కోసం బల్ల మీద వెతికింది.

నీళ్ళు లేవు.

పిండి పారబోసి పొట్టు దాచుకుంది! ఈ తప్పు తోటమాలి చెయ్యడు, దర్జీ చెయ్యడు, పని రానివాడు అసలే చెయ్యడు. పని మరీ బాగా వచ్చిన చెయ్యే చేస్తుంది. "పాపిష్టి చెయ్యి, పాపిష్టి చెయ్యి" అని పళ్ళ బిగువున తిట్టుకుంటూ కుడిచేతిని ఎడమచేత్తో కొట్టింది.

అంతలో చెత్త సీసా మీదికి చూపు పోయింది. దింపుడు కళ్ళం ఆశ అంటారే, అదే. ఆ సీసాలోది కణాలను కరిగించిన మందే. మనిషికి విషమే కానీ, ఆర్‌ఎన్‌ఏను కొరుక్కుతినే ఎంజైములను చంపేదీ అదే. అంటే పారబోసిన ముక్కలు అందులో ఇంకా చెక్కుచెదరకుండా ఉండాలి. పొద్దునే కొత్త సీసా పెట్టారని ఆమెకు గుర్తుంది.

"ఈ సీసాలో ఇవాళ ఎవరైనా ఏమైనా పోశారా?" అని కేకేసింది. గదిలో ఉన్న ఇద్దరూ తల అడ్డంగా ఊపారు. సీసా అడుగున ఉండాల్సిన దానికన్నా కాస్త ఎక్కువే ఉన్నట్టు అనిపించింది. అనిపించినా పట్టించుకోలేదు. మునిగిపోయేవాడు గడ్డిపోచ దొరికితే అది ఎంత పొడుగుందని కొలుస్తాడా? మొత్తం తీసి రెండో జల్లెడ పట్టింది. అక్కకు మాత్రం ఏమీ చెప్పలేదు. సాయంత్రం బావ వచ్చి తీసుకెళ్తుంటే "రేపు తెలుస్తుందా?" అని అక్క అడిగితే "తెలుస్తుంది" అంది.

మంగళవారం యంత్రం ముందు కూర్చుంది. వెతుకుతున్న ముక్క ఎంత ఎక్కువగా ఉంటే తెర మీద గీత అంత త్వరగా పైకి లేస్తుంది. పిల్లలో ఆ ముక్క లేకపోతే గీత లేవకూడదు. పిన్ని లేవకూడదనే కోరుకుంది. ఏం కోరిక చూడండి, సొంత అక్క కూతురి తలలో లోటు ఉండాలని మొక్కుకోవడం! ఆ లోటు దొరికితేనే రెండో బిడ్డలో ఎక్కడ చూడాలో తెలుస్తుంది మరి.

గీత లేచింది. దర్జాగా, తొందరగా, కొండెక్కినట్టు లేచింది.

ముక్క ఉంది, కావలసినంత ఉంది. ఏళ్ళ తరబడి మోసిన అనుమానం ఉత్తిదన్నమాట. నడవాలోకి వెళ్ళి, ఆ రోజూ వచ్చి ఎదురుచూస్తున్న అక్క పక్కన కూర్చుంది.

"పిలిచేది ఉందక్కా. నేననుకున్నది తప్పు."

"అంటే?"

"అంటే నాకేం తెలీదు. ఎక్కడ చూడాలో తెలీదు."

అక్క ఏడవలేదు. సంచి భుజాన వేసుకుని లేచింది. "నీ చేతనైంది నువ్వు చేశావు, నువ్వేం బాధపడకు. శుక్రవారం దాకా ఎందుకు, రేపే రమ్మంటారేమో అడుగుతాను" అంది. తిట్టినా బాగుండేది. ఆ మాట విన్నాక పిన్నికి ఎక్కడైనా గోడకు తల బాదుకోవాలనిపించింది.

అక్క వెళ్ళిన కాసేపటికి ఎలకలాయన వచ్చాడు. ఆయన పక్క బల్ల మీద ఎలక పిల్లల మెదళ్ళతో పనిచేస్తాడు. ఎలకలతో మాట్లాడినంత మర్యాదగా మనుషులతో మాట్లాడడని అందరూ ఏడిపిస్తారు. పిన్ని మొహం చూసి "ఏంటి పిన్నీ, పీనుగు లేచిన ఇల్లులా ఉన్నావు" అన్నాడు. ఎవరో ఒకరికి చెప్పుకోకపోతే గుండె పగిలేలా ఉండి, జరిగింది చెప్పేసింది. వింటూ వింటూ ఎలకలాయన మొహంలో రంగు పోయింది.

"ఆ సీసాలోనా?"

"ఆ సీసాలోనే. ఏం?"

"నిన్న పొద్దున్నే నా ఎలక పిల్లల మెదళ్ళు కరిగించి జల్లెడ పట్టిన నీళ్ళు అందులోనే పోశాను కదా! పోసి టీకి వెళ్ళాను."

"మరి అడిగితే చెప్పవేం?"

"నువ్వడిగినప్పుడు నేనుంటేగా!"

ఇక్కడో చిత్రం ఉంది. ఆ చిన్న ముక్క ఎంత పాతదంటే, ఎలకకూ మనిషికీ దానిలో ఒక్క అక్షరం తేడా లేదు. ఎలక తల్లి తన పిల్లలను ఏ మాటతో పిలుస్తుందో మనిషి మెదడూ అదే మాటతో పిలుస్తుంది. కాబట్టి గీత లేచింది అక్క కూతురి వల్లనో, ఎలకల వల్లనో చెప్పడానికి బ్రహ్మదేవుడి తరం కూడా కాదు. అవునూ కాదు, కాదూ కాదు. ఎలకలాయనను నానా మాటలూ అంది పిన్ని. పాపం, తల వంచుకుని పడ్డాడు. అని అని అలిసిపోయి ఫోను తీసింది. ఇక దాచే దారి లేదు.

"అక్కా, రేపు వెళ్ళకు. నిన్న నీకో మాట చెప్పలేదు" అని మొదలుపెట్టి అంతా చెప్పింది.

అవతలి నుంచి అక్క గొంతు సన్నగా వచ్చింది.

"నా కూతుర్ని చెత్త సీసాలో పోశావా?"

"అక్కా…"

"దాంది ఈ భూమ్మీద మిగిలిందే అది. నీ చేతిలో పెట్టాను. ఇంకెవరినీ నమ్మక నీ చేతిలో పెట్టాను. ఎలకల్లో కలిపేశావా? ఇప్పుడు పిలిచిందో లేదో ఇంకెవర్నడుగుతావు? చెప్పు, ఎవర్నడుగుతావు?"

ఫోను పెట్టేసింది. పిన్ని మోకాళ్ళ మీద తల పెట్టుకుని, అక్కడే, యంత్రం పక్కన నేల మీద, సిగ్గు లేకుండా ఏడ్చింది. ఎలకలాయన ఏం చెయ్యాలో తెలియక గ్లాసుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టి నిలబడ్డాడు. ఎవర్నడుగుతావు, ఎవర్నడుగుతావు అని అదే మాట చెవుల్లో తిరుగుతోంది. తిరిగి తిరిగి ఒక చోట ఆగింది. ఎవర్నడగడమేమిటి? పిల్లల్నడగాలి! తల్లి పిలిచిందో లేదో తెలియాలంటే తల్లే కనబడక్కర్లేదు. చీకటి పడ్డాక వీధిలోకి వెళ్ళి చూస్తే చాలు. పిల్లలు ఇంకా ఆడుతూ ఉంటే ఎవరూ పిలవలేదనే.

పిన్ని లేచి ఫ్రీజరు తెరిచింది. అలవాటుపడ్డ చెయ్యి శుభ్రంగా దించి, గుర్తు రాసి, సోమవారం సాయంత్రం మంచులోంచి తీసి దాచిన గొట్టం అక్కడే ఉంది. జల్లెడలో మిగిలిన పొట్టు. ఆ గొట్టంలో పెద్ద ఆర్‌ఎన్‌ఏలన్నీ ఉన్నాయి, అంటే ఆ చిన్న ముక్క నోరు మూయించాల్సిన సందేశాలన్నీ. అందులో ఎలకల చుక్క ఒక్కటి లేదు. అవి నోరు మూసుకుని ఉంటే పిలిచేది ఉన్నట్టు. గోల చేస్తూ ఉంటే లేనట్టు.

ల్యాబు పెద్ద మేడమ్ ముందు అంతా ఒప్పుకుని, సందేశాలన్నిటినీ ఒకేసారి చదివే పెద్ద యంత్రాన్ని తనకిమ్మని బతిమాలింది. మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ "ముందు తప్పు చేశావు, తర్వాత దాచావు, ఇప్పుడు యంత్రం కావాలంటున్నావు" అంది. "మా అక్కకు శుక్రవారం దాకే ఉంది మేడమ్" అంది పిన్ని. ఆవిడ ఇంకేమీ అనకుండా వరసలో ముందున్న వాళ్ళను పక్కకు తప్పించింది. ఎలకలాయన తన వంతు కూడా వదులుకుని, పిలవకుండానే వచ్చి సాయం పట్టాడు.

గురువారం పొద్దున ఫలితం వచ్చింది. అదే వయసున్న మామూలు కణాల్లో ఆ సందేశాలు దాదాపు సద్దుమణిగి ఉన్నాయి. అక్క కూతురి కణాల్లో ఒకటి కాదు, పది కాదు, ఆ ముక్క మూయించాల్సిన నోళ్ళన్నీ తెరుచుకునే ఉన్నాయి. ఎవరూ లోపలికి రాలేదు. అందరూ వీధిలోనే ఉన్నారు.

"ఇది చాటు సాక్ష్యం. దీన్ని పట్టుకుని ఒక కడుపు ఉంచాలనీ తియ్యాలనీ చెప్పలేవు" అంది మేడమ్. నిజమే. ఇద్దరూ కూర్చుని పిల్ల జన్యువుల పాత లెక్క తెరిచి, ఆ చిన్న ముక్క పుట్టే చోటికి వెళ్ళారు. ప్రొటీన్ తయారయ్యే చోటు కాదని ఇంతకుముందు ఎవరూ అటు తొంగి చూడలేదు, అంతా వెతికామన్న వాళ్ళ మాట నమ్మి పిన్ని కూడా చూడలేదు. అక్కడ అక్షరాలు తెగిపోయి ఉన్నాయి. తండ్రి నుంచి వచ్చిన వైపూ, తల్లి నుంచి వచ్చిన వైపూ. ఇద్దరికీ ఒక్కో వైపు మంచిది ఉంది కాబట్టి వాళ్ళకేం కాలేదు. ఆ పిల్లకు చెడ్డవి రెండూ వచ్చి పడ్డాయి. పిన్ని ఆసుపత్రికి ఫోను చేసి, ఉమ్మనీటిలో ఎక్కడ చూడాలో చెప్పింది. తర్వాత బావకు ఫోను చేసి, ఆ ముక్క లేదని తేలిన సంగతి అక్కకు చెప్పమంది.

శుక్రవారం డాక్టరమ్మ గది బయట ముగ్గురూ కూర్చున్నారు. అక్క చెల్లెలితో మాట్లాడలేదు. పక్క కుర్చీలో కూర్చుంది, అంతే. బావ కూర్చోలేక గోడ దగ్గరి నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి గోడ దాకా తిరుగుతున్నాడు. పిన్ని తన కుడిచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చుంది. ఆ చేతిని చూడాలంటేనే ఆమెకు అసహ్యంగా ఉంది. లోపలి నుంచి చెడ్డ మాట వస్తే అదీ తన నోటి నుంచి వచ్చినట్టేనని ఆమెకు తెలుసు. ఎక్కడ చూడాలో చెప్పింది తానే కదా.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ నిలబడే చెప్పేసింది.

"ఒక వైపు తెగిపోయింది. రెండో వైపు నిక్షేపంలా ఉంది. మీ ఇద్దరిలాగే. మీ పెద్ద పాపకున్న జబ్బు ఈ బిడ్డకు రాదు."

బావ ఉన్నచోటే కూలబడి, మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. అక్క మాత్రం కదల్లేదు. సంతోషపడుతున్నట్టు లేదు. డాక్టరమ్మ లోపలికి వెళ్ళేదాకా ఆగి, ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి చెల్లెలి వైపు తిరిగింది.

"పిన్నీ."

"ఏంటక్కా?"

"ఆ ముక్క ఒక్కటి ఉండుంటే… ఎవరో ఒకరు లోపల పిలిచుంటే… అది వచ్చేదేనా?"

"వచ్చేదే అక్కా. అందరు పిల్లల్లాగే వచ్చేది."

"నాలుగేళ్ళు దాని చెవిలో పిలుస్తూనే ఉన్నానే. చూడవే, చూడవే అని. సరిగ్గా పిలవలేదేమో, ఇంకా గట్టిగా పిలవాల్సిందేమో, వేరే తల్లి అయితే పలికేదేమో అని నేను రోజూ…" మాట పూర్తికాలేదు. నాలుగేళ్ళలో, ఆ తర్వాత కూడా, ఎవరి ముందూ ఏడవని మనిషి నడవా అంతా వినబడేలా బావురుమంది.

పిన్ని తొడ కింది నుంచి కుడిచెయ్యి తీసి అక్క భుజం చుట్టూ వేసింది. అక్క ఆ చేతిని తోసెయ్యలేదు. లాక్కుని తన కడుపు మీద పెట్టుకుని, దాని మీద తన చెయ్యి వేసుకుని ఏడుస్తూనే ఉంది.